ఎ.అవుట్: 1996 నుంచి వాడుతున్నవాడి మాట

కర్నూలు పాతబస్తీలో మా షాపు. సాయంత్రం ఆరు దాటితే ఉల్లి మండీ వాళ్ల చిట్టా పుస్తకం వస్తుంది. రైతు పేరు, సంచులు, తూకం, రేటు నేను కొడతాను. హమాలీ, కమీషన్ పోను చేతికెంత వస్తుందో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కరకరమంటూ చీటీ తీస్తుంది. ఈ ప్రోగ్రామ్‌ను 1996లో సీ భాషలో నేనే రాశాను. పేరు మాత్రం పెట్టలేదు. రాసిన కోడ్‌ను నడిచే ఫైలుగా మార్చే కంపైలర్ ఏ పేరుతో ఇచ్చిందో అదే ఉండిపోయింది: ఎ.అవుట్ (a.out).

ఎ.అవుట్ అంటే రెండు. ఒకటి పేరు, రెండోది ఫైలు ఫార్మాట్, అంటే ఫైలు లోపల ఏది ఎక్కడ ఉండాలో చెప్పే పద్ధతి. ఇవాళ మీ లైనక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేసి ఇంకే పేరూ చెప్పకపోతే వచ్చే ఫైలుకు పేరు ఎ.అవుట్. కానీ లోపల ఉన్నది ఎల్ఫ్ (ELF) అనే కొత్త ఫార్మాట్. పాత సీసాలో కొత్త సారా. నా ఉల్లి ప్రోగ్రామ్ అట్లా కాదు, పేరూ అదే, ఫార్మాటూ అదే. రెండింటికీ ఒకే మార్కులు వేయలేను.

ముందు పేరు సంగతి. అది అసెంబ్లర్ అవుట్‌పుట్‌కు పొట్టిపేరు. అసెంబ్లర్ అంటే అసెంబ్లీ కోడ్‌ను మిషన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్. పీడీపీ-7 అనే పాత కంప్యూటర్ మీద యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టిన రోజుల్లో, దాన్ని మొదలుపెట్టిన కెన్ థాంప్సన్ రాసిన అసెంబ్లర్‌కు వెనకాల లింకర్ (కోడ్ ముక్కలను కలిపి ఒక ప్రోగ్రామ్ చేసేది) లేదు. ఫలితాన్ని నేరుగా ఒక ఫైల్లో పడేసేది, ఆ ఫైలు పేరు ఇది. తర్వాత లింకర్ వచ్చింది, సీ కంపైలర్ వచ్చింది, పేరు మాత్రం కదల్లేదు. ట్యూషన్‌కు వచ్చే డిప్లొమా పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. నవ్విన పది నిమిషాలకే రెండో ప్రోగ్రామ్ కంపైల్ చేసి మొదటిదాన్ని తుడిచేసుకుంటారు. కంపైలర్ అడగదు, హెచ్చరించదు, పాత ఎ.అవుట్ మీదే కొత్తది రాసేస్తుంది.

అందుకే కంపైల్ చేసేటప్పుడు హైఫన్ ఓ (-o) పెట్టి అవుట్‌పుట్‌కు పేరు ఇవ్వమంటాను. అందులోనూ ప్రమాదం ఉంది. ఒకసారి ఒక అమ్మాయి హైఫన్ ఓ కొట్టి, అవుట్‌పుట్ పేరు మరిచి, వరుసగా రెండు సోర్స్ (తాను రాసిన కోడ్) ఫైళ్ల పేర్లు ఇచ్చింది. కంపైలర్‌కు హైఫన్ ఓ తర్వాత ఏది కనబడితే అదే అవుట్‌పుట్. మొదటి ప్రోగ్రామ్ సోర్స్ పోయింది. "సార్, వీఐ ఎడిటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు, మధ్యలో ఈ, ఎల్, ఎఫ్ అని అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి" అంది. ఎల్ఫ్ ఫైలు రెండో బైటు నుంచి నాలుగో బైటు దాకా ఉండేవి ఆ మూడక్షరాలే. మరుసటి రోజు ల్యాబ్ పరీక్ష, పాపం. ఇంకో పిల్లాడు తన ప్రోగ్రామ్‌కు టెస్ట్ అని పేరు పెట్టి, ముందు చుక్క, స్లాష్ లేకుండా నడిపి, ఏమీ రావడం లేదని గంటసేపు తల పట్టుకున్నాడు. మనం కొట్టే కమాండ్లను అందుకునే షెల్‌కు టెస్ట్ అనే తన సొంత కమాండ్ ఉంది, నడిచింది అది. ఈ తిప్పలన్నీ చూశాక ఎ.అవుట్ అనే పేరు మీద నాకు పెద్ద కోపం లేదు. చిత్తు కాగితానికి పేరెందుకు?

ఇక ఫార్మాట్. నాకు ప్రేమ ఉన్నది దీని మీదే, కష్టపడిందీ దీనితోనే.

ఫైలు ఏ రకమో చెప్పేందుకు దాని మొదట్లో ఉండే సంఖ్యను మ్యాజిక్ నంబర్ అంటారు. ఎ.అవుట్ పాత మ్యాజిక్ నంబర్లలో ఒకటి ఆక్టల్‌లో (ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతిలో) 0407. పీడీపీ-11 కంప్యూటర్‌లో అది నిజమైన ఇన్‌స్ట్రక్షన్, ఏడు వర్డ్‌లు (ఒక్కోటి రెండు బైట్లు) ముందుకు దూకమని అర్థం. ఫైలు మొదట్లో వివరాలుండే హెడర్ మొత్తం ఎనిమిది వర్డ్‌లు. అంటే ఫైలును మొదటి నుంచి నడిపించినా హెడర్‌ను దాటి నేరుగా కోడ్‌లో పడుతుంది. ఇది మొదటిసారి అర్థమైన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా లైనక్స్ కాలానికి హెడర్ 32 బైట్లు అయింది, అందులో నంబర్లు ఎనిమిదే: మ్యాజిక్, కోడ్ ఎంత, డేటా ఎంత, బీఎస్ఎస్ (సున్నాలతో మొదలయ్యే డేటా) ఎంత, సింబల్ పట్టిక (పేర్లు, వాటి అడ్రస్‌లు) ఎంత, ఎక్కడ మొదలుపెట్టాలి, చివరి రెండు రీలొకేషన్ (అడ్రస్‌ల సవరణ) లెక్కలు. బ్లాక్‌బోర్డు మీద ఒక మూలలో పడుతుంది. 64 బిట్ల ఎల్ఫ్‌కు హెడరే 64 బైట్లు, దాని వెనక ప్రోగ్రామ్ హెడర్ల పట్టిక ఒకటి, సెక్షన్ హెడర్ల పట్టిక ఇంకొకటి. ఒక్క వాక్యం ప్రింట్ చేసే ప్రోగ్రామ్ కూడా ఇప్పుడు సుమారు 16 కేబీ తూగుతుంది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు షాపు కింది గదిలో నా పాత 486 కంప్యూటర్ మునిగిపోయింది. స్లాక్‌వేర్ 2.3 అనే లైనక్స్ వేసిన మిషన్ అది. ఉల్లి ప్రోగ్రామ్ సోర్సు, దాన్ని కంపైల్ చేసే పాత కంపైలర్ రెండూ అందులోనే ఉన్నాయి. మేడమీది మిషన్లో మిగిలింది ఎ.అవుట్ ఒక్కటే. ప్రోగ్రామ్‌కు కావలసిన రెడీమేడ్ కోడ్ ఉండే లైబ్రరీ పక్క మిషన్లో ఉంటుందో లేదోనని స్టాటిక్‌గా, అంటే ఆ కోడ్‌ను కూడా ప్రోగ్రామ్‌లోనే కలిపి, లింక్ చేసి పెట్టుకున్నాను కాబట్టి బతికింది.

మరుసటి ఏడాది హమాలీ రేటు మారింది. సంచికి రూపాయిన్నర నుంచి రెండున్నర. సోర్సు లేదు. ఫైల్లోని పేర్లు చూపే ఎన్ఎమ్ కమాండ్ కొట్టి చూస్తే, ముందు అండర్‌స్కోర్ తగిలించుకుని హమాలీ వేరియబుల్ కనిపించింది, పక్కనే అడ్రస్. నాది ఎ.అవుట్‌లో క్యూమ్యాజిక్ అనే రకం, ఫైలంతా 4096వ అడ్రస్ దగ్గర మొదలయ్యేట్టు మెమరీలోకి ఎక్కుతుంది. అడ్రస్‌లోంచి 4096 తీసేస్తే ఫైల్లో చోటు తెలిసిపోతుంది, అంతే. అక్కడ 150 పైసలు, హెక్స్‌లో (పదహారు ఆధారంగా లెక్కిస్తే) 96. దాన్ని ఎఫ్ఏ చేశాను, 250 అయింది. రెండు నిమిషాల పని. అంత తేలిగ్గా ఎల్ఫ్ ఫైల్లో నేను ఎన్నడూ చేయలేదు, దేని ఆఫ్‌సెట్ (ఫైల్లో చోటు) దానికి పట్టికలో వెతుక్కోవాలి.

గర్వం పనికిరాదు. కొన్నేళ్లకు రేటు నాలుగు రూపాయలైంది. 400 అంటే హెక్స్‌లో 0190. ఇంటెల్‌లో చిన్న స్థానం బైటు, అంటే 90, ముందుండాలని మరిచి 01, 90 అనే వరుసలోనే రాశాను. ప్రోగ్రామ్ దాన్ని 36,865 పైసలుగా చదువుకుంది. సంచికి హమాలీ 368 రూపాయల 65 పైసలు! ఒక రైతు చీటీ మైనస్‌లో వచ్చింది. మండీ అన్న చీటీ పట్టుకొచ్చి, "ఏమప్పా, ఉల్లిగడ్డలు అమ్మి మనకే ఎదురు కట్టాల్నా?" అన్నాడు.

ఇంత ప్రేమగా చెప్పి మళ్లీ ఈ మాట అనాలి: ఆ ఫార్మాట్ పోవాల్సిందే. స్టాటిక్‌గా లింక్ చేశాను కాబట్టి నేను తప్పించుకున్నాను. లైనక్స్ ఎ.అవుట్‌లో షేర్డ్ లైబ్రరీ (చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునేది) చేయాలంటే ఒక్కో లైబ్రరీకి మెమరీలో ఫలానా అడ్రస్ అని ముందే కేటాయించాలి, రెండు లైబ్రరీలు ఒకే చోట పడకూడదు. పట్టా భూముల గొడవే. ఎల్ఫ్‌లో లైబ్రరీ ఎక్కడ ఎక్కినా పనిచేస్తుంది. యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలతో వచ్చిన ఎల్ఫ్‌కు 1995లో స్లాక్‌వేర్ 3.0 మారింది, 1998లో ఫ్రీబీఎస్‌డీ 3.0 (ఇంకో యూనిక్స్ తరహా సిస్టమ్) మారింది. నేను 1996లో మొదలుపెట్టేసరికే నా స్లాక్‌వేర్ 2.3 సీడీ పాతబడిపోయింది, తెలియలేదంతే. కాఫ్ అనే ఫార్మాట్ ఒకటి మధ్యలో ఉండేది కానీ నేను వాడలేదు, దాని జోలికి పోను.

లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ 2022లో 5.19తో ఇంటెల్ మిషన్లకు ఎ.అవుట్ మద్దతు తీసేసింది. మా షాపు మిషన్ మార్చిన రోజు సాయంత్రం చిట్టా వచ్చింది, ప్రోగ్రామ్ నడపబోతే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్, అంటే ఈ ఫార్మాట్ ఫైలును నడపలేనని. టెన్షన్. ఎల్ఫ్‌గా నడుస్తూ పాత ఎ.అవుట్‌ను లోడ్ చేసే చిన్న ప్రోగ్రామ్‌ను కీస్ కుక్ అనే కెర్నల్ డెవలపర్ రాసి పెట్టాడు. నేను మాత్రం కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే క్యూఈఎమ్‌యూలో పాత 32 బిట్ల లైనక్స్ వేసుకున్నాను. అందులోనూ రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడిచింది, మామూలు యూజర్‌గా నడవలేదు. 65,536 కంటే కింది అడ్రస్‌లను మామూలు ప్రోగ్రామ్‌కు ఇవ్వని భద్రతా నియమం ఉంది, నాదేమో 4096 దగ్గర కూర్చోవాలంటుంది. ఆ హద్దును 4096కు దించాక దారికొచ్చింది. నాలాగా ఇంట్లో చేసుకునే పని కాకపోతే ఇట్లాంటివి చేయొద్దు. పాత ఎ.అవుట్ ఉండి సోర్సు కూడా ఉంటే ఇవాళే మళ్లీ కంపైల్ చేసుకోండి.

మండీ అన్నకు కొత్త ప్రోగ్రామ్ రాసిస్తానని ఉల్లి సీజన్ అయ్యాక చూద్దామన్నాను. మూడు సీజన్లు అయ్యాయి. సగం రాశాను, కంపైల్ కూడా అయింది. హైఫన్ ఓ మరిచిపోయాను, డైరెక్టరీలో ఎ.అవుట్ అనే పేరుతోనే పడి ఉంది.