అమ్మమ్మ పటం: గవర్నరుపేటలో ఒక ఫోటో స్టూడియో పనితనం

అమ్మమ్మ సంవత్సరీకానికి పటం కట్టించాలనుకున్నప్పుడు మా వద్ద ఉన్న మంచి ఫోటో ఒక్కటే: 2016 కృష్ణా పుష్కరాలలో పద్మావతి ఘాట్ మెట్ల మీద సెల్‌ఫోన్‌తో తీసినది. ఆనాడు ఆమె మా అందరి పేరునా ఒక్కొక్క మునక వేసి, తన పేరున వేసుకోవడం మరచిపోయింది. ఆ ఫోటోను విజయవాడ గవర్నరుపేటలోని ఒక చిన్న స్టూడియోకు ఇచ్చాము.

మొదటి ప్రతిలో ముడతలన్నీ తుడిచేసి, చామనచాయ ముఖాన్ని తెల్లగా మార్చారు. "ఈవిడ మా అమ్మ కాదు" అంటూ మా అమ్మ దానిని పక్కన పెట్టేసింది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, కుట్టుమిషన్ తొక్కి నలుగురు పిల్లలను చదివించి, ఆపైన మనవలందరికీ ఆవకాయ ముద్దలు కలిపి పెట్టిన మనిషి ముఖంలో ఆ గీతలు లేకపోతే ఎలా? యజమాని వాదించలేదు. మా అమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టుకుని, ఆమె చెబుతుంటే నుదుటి ముడతలను, ముక్కుపుడకను, మిషన్ సూది దిగి వంకరపోయిన చూపుడువేలి గోరును కూడా ఓపికగా యథాతథంగా తెచ్చారు.

టేకు చట్రం, అద్దంతో కలిపి 1,850 రూపాయలు తీసుకున్నారు; సవరణకు అదనంగా అడగలేదు. చెప్పిన గడువుకు రెండు రోజులు ఆలస్యం కావడం, వెనుక వేసిన అట్ట పలుచగా ఉండటం లోపాలే. తేమ గోడకు తగిలించేవారు ముందే మందపాటి పలక అడగడం మేలు. పటాన్ని ఇంటికి తెచ్చినప్పుడు మా అమ్మ ముందుగా ఆ గోరునే తడిమి చూసింది.