అడగకుండా మా భీముడి ఒళ్లంతా గొరిగేశారు: రెండు పొరల బొచ్చున్న పెద్ద కుక్కల యజమానులకు హెచ్చరిక

ఇది నిన్న సాయంత్రం జరిగింది. పెద్ద జాతి కుక్కలను పెంచేవారిలో బాగా పేరున్న ఒక గ్రూమింగ్ కేంద్రం (కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు దువ్వి, కత్తిరించే చోటు) ఉంది. వారూ వీరూ మెచ్చుకోగా విని, మా నాలుగేళ్ల న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్క భీముడిని నేనూ అక్కడ దింపి వచ్చాను. స్నానం చేయించి, రాలుతున్న లోపలి బొచ్చును దువ్వి తీసి, చర్మం దాకా ఆరబెట్టాలని మాత్రమే అడిగాను. ఈ జాతికి లోపలి పొరలో తడి నిలిస్తే చర్మం చెమ్మగిల్లి పుండు పడుతుంది, ఇంట్లోని చిన్న డ్రయ్యరు అంత బొచ్చును ఆరబెట్టలేదు, అందుకే వారి పెద్ద బ్లోయరును నమ్ముకున్నాను. బొచ్చు గొరిగే మిషన్ పెట్టవద్దని నోటితో చెప్పాను కానీ కాగితం మీద రాయించలేదు.

మూడు గంటల తరువాత లోపలి గదిలోంచి తీసుకువచ్చిన కుక్కను చూసి, పొరపాటున వేరెవరి కుక్కనో తెచ్చారనుకున్నాను. తల, తోక మా భీముడివే. మెడ నుంచి తోక మొదలు దాకా మాత్రం నల్లని బొచ్చు పోయి, ఈ నాలుగేళ్లలో నేనెన్నడూ చూడని చర్మం బయటపడి ఉంది. చంకల దగ్గర బ్లేడు వేడికి కమిలిన ఎర్రటి మచ్చలు ఉన్నాయి. నన్ను చూడగానే తన 65 కిలోల బరువంతా నా మోకాళ్ల మీద మోపి నిలబడే వాడు, నిన్న తోక ముడుచుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఎందుకిలా చేశారని అడిగితే, అక్కడి మనిషి బిల్లు మీద నుంచి తల ఎత్తకుండానే, "చెవుల వెనుక ఉండలు కట్టిందండీ. అయినా వెంట్రుకలే కదా, మళ్లీ వస్తాయి. ఇంత బొచ్చుతో ఉక్కపోస్తుంది, మేము మేలే చేశాం" అన్నాడు. రాత్రంతా ఆ మాటే చెవుల్లో మోగింది. అక్కడే బదులు చెప్పకుండా, నోరు పెగలక, డబ్బు కట్టి వచ్చేసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

అప్పుడు చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతున్నాను. చల్లని సముద్రంలో జాలర్ల వెంట పనిచేసిన ఈ జాతికి పైన నూనె పట్టిన ముతక వెంట్రుకలు, కింద మెత్తని దట్టమైన పొర ఉంటాయి. పై పొర నీటిని, ఎండను చర్మం దాకా రానివ్వదు. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, ప్రధానంగా రొప్పుతూ చల్లబడుతుంది, కాబట్టి గొరిగితే చల్లదనం వస్తుందనుకోవడం పొరపాటు, పైగా ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. రాలిన లోపలి బొచ్చును రేక్ అనే పొడవాటి పళ్ల పరికరంతో, స్టీలు దువ్వెనతో తీసేస్తే గాలి ఆడుతుంది, కావలసింది అంతే. గొరిగిన తరువాత తరచుగా లోపలి పొరే ముందు పెరిగి పైవెంట్రుకను మింగేస్తుంది. కొన్ని కుక్కలకు ఆ చోట నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా వెంట్రుకే మొలవదు. ఈ ఉదయం చూసిన పశువైద్యురాలు కూడా మచ్చలకు పూత మందు ఇచ్చి, ఎండలోకి తీసుకువెళ్లవద్దని చెప్పారే తప్ప, పాత బొచ్చు తిరిగి వస్తుందని మాట ఇవ్వలేదు.

చెవుల వెనుక రెండు ఉండలు ఉన్న మాట నిజమే, ఆ వారం నేను సరిగా దువ్వలేదు. కానీ ఉండను స్నానానికి ముందే, పొడిగా ఉన్నప్పుడు, వేళ్లతో విడదీసి దువ్వెనతో చిక్కు తీయవచ్చు, తడిస్తే అది మరింత బిగుసుకుంటుంది. అప్పటికీ రాకపోతే ఆ ఉండ వరకే కత్తిరించాలి. వారానికి రెండుసార్లు వాడిని పక్కకు పడుకోబెట్టి, పాయ తరువాత పాయ విడదీస్తూ చర్మం దాకా దువ్వి పెంచిన బొచ్చు అది.

మీ కుక్కను ఎక్కడికి పంపినా, మిషన్ పెట్టే ముందు ఫోన్ చేసి మీ అనుమతి తీసుకోవాలని రాయించి సంతకం చేయించుకోండి. దింపే ముందు ఫొటోలు తీసుకోండి, వీలైతే పని పూర్తయ్యే దాకా అక్కడే కూర్చోండి. చెవుల వెనుక, చంకల్లో, వెనుక తొడల మీద ఉండలు కట్టాయేమో ఈ రాత్రే చేత్తో తడిమి చూసుకోండి.