తుర్తుక్: ఒక పూట చాలదు, రాత్రి ఉండండి

లద్దాఖ్‌లోని నుబ్రా లోయకు వెళ్లే మనవాళ్లలో చాలామంది సరిహద్దు దగ్గరి తుర్తుక్ ఊరిని ఒక్క పూటలో చుట్టేస్తారు. దారిలోని హుందర్ ఊళ్లో టెంట్, పొద్దున్నే బయల్దేరడం, ఊళ్లో గంటో రెండు గంటలో ఫొటోలు, చీకటి పడేలోపు వెనక్కి. ప్యాకేజీలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. నా మాట వింటే హుందర్‌లో ఒక రాత్రి తగ్గించుకుని ఇక్కడ ఉండండి. హుందర్ టెంట్లలో సౌకర్యాలు బాగానే ఉంటాయి, కానీ అక్కడ మన పక్కన ఉండేది ఇంకో టూరిస్టే.

లేహ్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ఖార్దుంగ్ లా కనుమ దాటాక దిస్కిత్, హుందర్ ఊళ్ల మీదుగా ష్యోక్ నది వెంబడే ప్రయాణం. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంటే తుర్తుక్ సుమారు 3,000 మీటర్లే. అందుకే ఇక్కడ ఆయాసం తగ్గుతుంది, చెట్లు కూడా ఒత్తుగా కనిపిస్తాయి.

ఊరివాళ్లు బాల్టీలు. భాష టిబెటన్ కుటుంబానిది, మతం ఇస్లాం. 1971 డిసెంబర్ దాకా ఈ ఊరు పాకిస్తాన్ అధీనంలో ఉండేది. ఆ నెల జరిగిన భారత్-పాక్ యుద్ధంలో భారత సైన్యాధికారి చెవాంగ్ రించెన్ నాయకత్వంలోని లద్దాఖీ సైనికులు తుర్తుక్‌నీ, చుట్టుపక్కల చాలుంకా, త్యాక్షీ, థాంగ్ ఊళ్లనీ స్వాధీనం చేసుకున్నారు. పని మీదో చదువు కోసమో అప్పటికి పాకిస్తాన్ వైపున్న స్కర్దూ పట్టణానికి వెళ్లినవాళ్లు అటే ఉండిపోయారు. నదికి దిగువన ఉన్న తోబుట్టువుని చూడాలంటే పాస్‌పోర్టు, వీసా చేతపట్టుకుని పంజాబ్ మీదుగా చుట్టి వెళ్లాల్సి వచ్చేది.

ఈ చరిత్ర తెలిస్తేనే ఇక్కడి బతుకుతెరువు అర్థమవుతుంది. అంతకుముందు ఊరి రాకపోకలన్నీ నదితో పాటు కిందికి, ఖప్లూ, స్కర్దూ వైపు సాగేవి. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. ఇక బయటి ప్రపంచానికి మిగిలింది నదికి ఎదురు వెళ్లి మంచు కనుమ దాటే దారి ఒక్కటే. 1984లో సియాచిన్ హిమానీనదం మీద సైన్యం మోహరించాక సైన్యానికి సామాన్లు మోసే పోర్టరు పని చాలా ఇళ్లకు ఆధారమైంది. 2010లో పర్యాటకులను రానిచ్చాక హోమ్‌స్టేలు మొదలయ్యాయి. అంటే మనం ఇచ్చే గది అద్దె నేరుగా ఆ ఇంటికే చేరుతుంది. ఒక పూట చూసి వెళ్లిపోతే ఊరికి దక్కేది టీ డబ్బులే.

వ్యవసాయం మాత్రం ఎప్పుడూ ఆగలేదు. బార్లీ కోశాక అదే మడిలో బక్‌వీట్ అనే ధాన్యం వేస్తారు. లద్దాఖ్‌లో ఏడాదికి రెండు పంటలు పండే ఊళ్లు తక్కువ. కొండ నీళ్లు రాతి కాలువల్లో ఇంటింటి పక్కనుంచీ పారుతుంటాయి. రాళ్ల సందుల్లోంచి చల్లగాలి వచ్చేలా కట్టిన చిన్న గదుల్లో వెన్న, మాంసం దాచుకుంటారు. వాటిని నాంగ్‌చుంగ్ అంటారు. కరెంటు లేని ఫ్రిజ్ అది, తప్పకుండా అడిగి లోపలికి వెళ్లి చూడండి.

ఊరి మధ్య వాగుకి ఇటు యూల్ పేట, అటు ఫరోల్ పేట. పాత మసీదు, ఖప్లూ పాలించిన యబ్గో వంశంవారి ఇల్లు యూల్‌లో ఉన్నాయి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే అక్కడే గది చూసుకోండి. పొలాల మధ్య నిశ్శబ్దం కావాలంటే ఫరోల్. నాకు ఫరోలే నచ్చింది. కారు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి మెట్లెక్కి నడవాలి. పెద్ద సూట్‌కేసు తెస్తే చాలా ఇబ్బంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వస్తే రోడ్డుకి దగ్గర్లో గది అడగండి. వేడినీళ్లు, వెస్టర్న్ టాయిలెట్ అన్ని ఇళ్లలోనూ ఉండవు, ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

భోజనంలో పప్పు, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి. కిసిర్ అనే బక్‌వీట్ అట్టు వేయమని మాత్రం ముందు రోజే చెప్పాలి. వాల్‌నట్ పచ్చడితో చాలా బాగుంటుంది.

జులై, ఆగస్టుల్లో ఆప్రికాట్లు పండుతాయి, డాబాల మీద ఎండబెడతారు. మన హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా చేసేది ఎండబెట్టిన ఈ పండుతోనే. లేహ్ బజారులో కాకుండా ఇక్కడ ఇళ్లలోనే కొనండి, గింజల నూనె కూడా దొరుకుతుంది. డబ్బు దిస్కిత్‌లోనే డ్రా చేసుకోండి. పర్మిట్ కావాలో లేదో లేహ్‌లోనే కనుక్కోండి, తీసుకుంటే చెక్‌పోస్టుల కోసం నాలుగైదు జిరాక్సులు దగ్గర పెట్టుకోండి.