గేమింగ్ కంప్యూటర్ కొనేవారికి హెచ్చరిక: పూర్తి మోడల్ పేరు రాయని కొటేషన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఉంటూ, లక్ష రూపాయలు దాటిన గేమింగ్ కంప్యూటరును విడిభాగాలు ఎంచుకుని అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్న తెలుగువారందరికీ ఈ హెచ్చరిక. దుకాణదారు ఇచ్చే కొటేషన్‌లో ప్రతి భాగానికీ పూర్తి మోడల్ పేరు, వారంటీ ఎవరిస్తారన్న సంగతి రాతపూర్వకంగా ఉంటే తప్ప ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకండి. పొట్టి పేర్లతో రాసిన కొటేషన్ చూపి మా మేనల్లుడికి అంటగట్టిన సరుకును స్వయంగా విప్పి చూశాను. ఇదే పద్ధతిలో ఇంకొకరు నష్టపోకూడదని వివరంగా రాస్తున్నాను.

మా మేనల్లుడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ జీవనం సాగిస్తున్నాడు. ఒక వీడియో రెండర్ (తుది రూపం తయారు) అవుతుండగానే మరో ఆల్బమ్ పని చేసుకోవాలి, రాత్రి తీరిక దొరికితే కొత్త గేములు ఆడుకోవాలి. అందుకు తగిన యంత్రం కావాలని బరంపురంలోని ఒక దుకాణాన్ని సంప్రదించాడు. వారు పంపిన కొటేషన్‌లో ఉన్నదంతా ఇంతే: ఐ7 పద్నాలుగో జనరేషన్, బీ760 బోర్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, 4060 టీఐ కార్డు (గ్రాఫిక్ కార్డు), 1 టీబీ ఎన్‌వీఎంఈ (డేటా దాచే ఎస్‌ఎస్‌డీ), 750 వాట్ ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె). ఫోన్లో మాత్రం ప్రాసెసరు 14700కె అనీ, కార్డు 16 జీబీదనీ, అన్నీ సీలు విప్పని పెట్టెల్లో వస్తాయనీ చెప్పారు. సొమ్మంతా ముట్టిన తరువాత ఇంటికి వచ్చిన యంత్రంలో, కాగితం మీద ఉన్న ఏ పదాన్నీ వారు తప్పలేదు, ఫోన్లో ఇచ్చిన మాటల్లో మాత్రం చాలావాటిని తప్పారు.

ముందుగా గ్రాఫిక్ కార్డు సంగతి చెప్తాను. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ అన్న ఒకే పేరుతో ఎన్‌విడియా 2023లో రెండు రకాల కార్డులు తెచ్చింది: మే నెలలో 399 డాలర్లకు 8 జీబీ కార్డు, జులైలో 499 డాలర్లకు 16 జీబీ కార్డు. రెండింటి చిప్పూ ఒకటే, 4352 కోర్లే (కోర్లంటే చిప్పులో లెక్కలు చేసే చిన్న భాగాలు). తేడా అంతా మెమరీలోనే. చిన్న గేము ఆడితే ఏ తేడా కనిపించదు. 4కె వీడియో టైమ్‌లైన్ మీద రంగుల దిద్దుబాటు, గింజల్లాంటి మచ్చల తొలగింపు (నాయిస్ రిడక్షన్) ఒకేసారి వేసినప్పుడు, లేదా కొత్త గేములో టెక్స్చర్లను (వస్తువుల ఉపరితల చిత్రాలను) పై స్థాయిలో పెట్టినప్పుడు 8 జీబీ నిండిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. మావాడికి వచ్చింది 8 జీబీదే. అడిగితే దుకాణదారు, "బాబూ, 4060 టీఐ అని రాశాం, 4060 టీఐయే ఇచ్చాం" అన్నారు. ఈ పేర్ల గందరగోళం ఈ ఒక్క కార్డుకే పరిమితం కాదు. ఆర్‌టీఎక్స్ 3050లో 2022 నాటి 8 జీబీ కార్డుకు 2560 కోర్లు, 128 బిట్ల మెమరీ దారి ఉంటే, 2024లో వచ్చిన 6 జీబీ కార్డుకు 2304 కోర్లు, 96 బిట్ల దారి మాత్రమే ఉన్నాయి. రెండూ 3050 పేరుతోనే అమ్ముడవుతాయి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కూడా 2025లో 8 జీబీ, 16 జీబీ రూపాల్లోనే వచ్చింది కాబట్టి, పాత కార్డు వద్దని కొత్తది కొనేవారు కూడా ఇదే ప్రశ్న అడగాలి.

కార్డు చేతికి రాగానే జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి మెమరీ, కోర్ల సంఖ్య చూడండి. పాత కార్డుకు కొత్త పేరు ఎక్కించి అమ్మే నకిలీలను కూడా అది చాలావరకు పట్టి చూపుతుంది. కార్డు మీది సీరియల్ నంబరు పెట్టె మీది నంబరుతో కలవాలి. దిగుమతి అయిన సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ముద్రించిన చీటీ ఉండాలన్నది మన దేశంలో తూనికలు కొలతల చట్టం కింద ఉన్న నియమం. ఆ చీటీ లేని పెట్టె పక్కదారిన వచ్చిందన్న అనుమానానికి తావిస్తుంది, అలాంటి కార్డుకు ఇక్కడ వారంటీ దొరకకపోవచ్చు.

అసలు ప్రమాదం మాత్రం ఎస్‌ఎంపీఎస్‌లో ఉంది. గేము, రెండరింగు కలిసి నడుస్తున్నప్పుడు కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయేది. దుకాణానికి ఫోన్ చేస్తే మొదట విండోస్ మళ్లీ వేయమన్నారు, ఆ తరువాత మీ ఇంట్లో వోల్టేజీ బాగోలేదన్నారు. మన వైపు వోల్టేజీ హెచ్చుతగ్గులు ఉన్నమాట నిజమే కాబట్టి ఆ సమాధానం ఎవరికైనా నమ్మశక్యంగానే తోస్తుంది; కానీ అదే గదిలో, అదే సాకెట్టు మీద పాత కంప్యూటరు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. క్యాబినెట్ పక్క పలక విప్పి ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదివాక కారణం తెలిసింది. పెద్ద అంకెల్లో 750 అని ఉంది, కింద పట్టికలో 12 వోల్టుల గడిలో 32 ఆంపియర్లు అని ఉంది. ప్రాసెసరు, గ్రాఫిక్ కార్డు తమకు కావలసిన కరెంటులో దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. 12ను 32తో గుణిస్తే వచ్చేది 384 వాట్లు. ఐ7-14700కె గరిష్ఠ వేగంలో 253 వాట్లు, 8 జీబీ 4060 టీఐ 160 వాట్లు తీసుకోవచ్చని వాటి తయారీదారులే ప్రకటించారు. ఆ రెండే కలిపి 413. బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు, లోడు మారినప్పుడు కార్డు క్షణకాలం లాగే అదనపు కరెంటు ఇంకా లెక్కలోకి రాలేదు. ఇలాంటి ఎస్‌ఎంపీఎస్ ఆగిపోవడమే నయం, ఆగకుండా పేలితే దానితోపాటు బోర్డూ కార్డూ పోవచ్చు.

నిజమైన 750 వాట్ ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్టుల గడిలో 62 ఆంపియర్ల దరిదాపుల్లో ఉండాలి. కొనేముందు ఆ లేబుల్ ఫొటో అడగండి. పంపడానికి ఇష్టపడని దుకాణాన్ని వదిలేయడం మంచిది. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర చూసి కూడా ఆగిపోవద్దు, ఎందుకంటే అది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం యంత్రానికి చేరుతుందో చెప్పే గుర్తు మాత్రమే, లోపలి రక్షణ ఏర్పాట్ల గురించి ఏమీ చెప్పదు. ధ్రువీకరణ పొందిన మోడళ్ల జాబితా 80 ప్లస్ వారి వెబ్‌సైటులో ఉంటుంది. మోడల్ పేరు అక్కడ లేకపోతే ఆ ముద్రకు విలువ లేదు. పెద్ద కార్డు పెట్టదలచినవారు కార్డు క్షణకాలం లాగే అదనపు కరెంటును తట్టుకునేలా రూపొందించిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం గానీ, ఆ తరువాతి ప్రమాణం గానీ పాటించే ఎస్‌ఎంపీఎస్‌నే అడగండి.

ప్రాసెసరు 14700కె అన్న మాట నిజమే, కానీ అది పెట్టె లేకుండా వచ్చిన ట్రే సరుకు. ఇది చిన్న విషయం కాదు. పదమూడో, పద్నాలుగో జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటికి అవసరానికి మించిన వోల్టేజీ అంది క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ అంగీకరించింది. ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసరు లోపలి ప్రోగ్రాం) సవరణను బయోస్ (బోర్డులో ఉండే మూల ప్రోగ్రాం) ద్వారా అందించి, పెట్టెతో అమ్మిన ప్రాసెసర్లకు వారంటీని మరో రెండేళ్లు పొడిగించి ఐదేళ్లు చేసింది. ట్రే ప్రాసెసరు కొన్నవారు మాత్రం అమ్మినవారినే అడగాలని చెప్పింది. అంటే మన వారంటీ ఆ దుకాణం మాట మీద ఆధారపడి ఉంటుంది, ఆ మాట ఒక ఏడాదికే అని మాకు చెప్పారు. ఈ తరం ప్రాసెసరు కొంటే పెట్టెలోదే తీసుకోండి, మొదటిరోజే బయోస్ అప్‌డేట్ చేయించండి. ఇప్పటికే పాత బయోస్‌తో దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగు చేయలేదు.

ర్యామ్ 32 జీబీ అని రాసి ఒకే కడ్డీ పెట్టారు. 16 జీబీవి రెండు పెడితే మెమరీ రెండు దారుల్లో వేగంగా పనిచేస్తుంది కాబట్టి, కొటేషన్‌లో రెండు పదహార్లు అని రాయించండి. బీ760 బోర్డుల్లో డీడీఆర్4 పట్టేవీ, డీడీఆర్5 పట్టేవీ వేర్వేరుగా ఉంటాయి, ఒకదాని ర్యామ్ మరొకదానికి పట్టదు. ఎస్‌ఎస్‌డీ కొత్తదో కాదో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చూపే పని గంటల సంఖ్యను బట్టి తెలుస్తుంది.

బిల్లు గురించి మరింత గట్టిగా చెప్పాలి. మాకు ఇచ్చిన బిల్లులో "కంప్యూటర్ సెట్ - 1" అన్న ఒక్క వరుస మాత్రమే ఉంది. అలాంటి బిల్లు పట్టుకుని భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఉన్న సర్వీసు సెంటరుకు వెళితే, ఏ భాగం ఎప్పుడు కొన్నామో రుజువు చేయలేము. ప్రతి భాగమూ సీరియల్ నంబరుతో వేరు వరుసలో ఉండాలి. దుకాణం జీఎస్‌టీ నంబరు పదిహేను అక్షరాలదై, ఒడిశాలో అయితే 21తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37తో మొదలవ్వాలి. అది ఎవరిదో జీఎస్‌టీ పోర్టల్లో ఎవరైనా చూసుకోవచ్చు. పాతపట్నం దాటి శ్రీకాకుళంలోనో విశాఖలోనో కొనేవారు రాష్ట్రం మారింది కాబట్టి ఫిర్యాదు కుదరదని అనుకోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. స్వయం ఉపాధితో జీవనం గడపడానికే కొన్నవారు కూడా ఆ చట్టం దృష్టిలో వినియోగదారులే కాబట్టి, వీడియో పని చేసుకునేవారికీ ఈ హక్కు వర్తిస్తుంది.

ప్రస్తుతానికి దుకాణదారు ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి ఒప్పుకున్నారు. కార్డు మార్చాలంటే మాత్రం తేడా సొమ్ము అడుగుతున్నారు, భాగాలవారీ బిల్లుకు ఇంకా సమాధానం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే మన జిల్లా కమిషన్‌కు వెళతాం. ఈలోగా ఎవరికైనా ఇలాంటి కొటేషన్ వచ్చి ఉంటే, అడ్వాన్సు ఇవ్వకముందే దుకాణం పేరు తీసేసి ఇక్కడ పెట్టండి, ఏ వరుసలో ఏ ప్రశ్న అడగాలో చూసి చెప్తాను.