బైర్లూటి సఫారీ: దుమ్మును తప్పించుకున్నాము, లాడ్జిని తప్పించుకోలేకపోయాము

వానలు వెలిసిన అక్టోబరులో కర్నూలు నుంచి నల్లమలలోని బైర్లూటికి జీపు సఫారీ కోసం వెళ్లాము. అటవీశాఖ వారి గుడారాలు నిండిపోవడంతో ఆత్మకూరులో ఒక లాడ్జిలో 1,800 రూపాయలకు ఏసీ గది తీసుకున్నాము. రాత్రంతా ఆ ఏసీ నుంచి నీరు కారి, దాని కింద బల్ల మీద ఉన్న మా కెమెరా సంచి అడుగుదాకా తడిసిపోయింది. కెమెరా బతికింది కాని, మా బావమరిది కొత్తగా కొనుక్కున్న బైనాక్యులర్ అద్దాలకు లోపలివైపున ఆవిరి పట్టింది. నైట్రోజన్ నింపి సీలు వేసిన రకమైతే ఈ బాధ ఉండేది కాదు. మేనేజరును అడిగితే, "ఆ బల్ల సామాన్లకు కాదు సార్, టీ కప్పులకు" అన్నాడు. పైగా మేము అడగని, కంటితో చూడని అదనపు పరుపుకు బిల్లులో 300 రూపాయలు వేశాడు. బావమరిది మధ్యాహ్నం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు.

నీరు కారని ఏసీతోనూ జాగ్రత్తగా ఉండాలి. చల్లబడిన లెన్సును ఒక్కసారిగా తేమగాలిలోకి తీస్తే అద్దం మీద నీటిపొర కమ్ముతుంది కనుక, సంచిని గదిలోనే గట్టిగా మూసి, బయటికి వచ్చాక అరగంట దాకా తెరవకుండా ఉండడం మేలు. లోపల సిలికా జెల్ పొట్లాలు వేసుకోవాలి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే ఇక తేమను పీల్చలేవు, వేడిచేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. బియ్యం డబ్బాలో పెట్టమనేవారి మాట మాత్రం వినకండి, ఆ పొడి సందుల్లో చేరుతుంది.

సఫారీలో జింకలు, నెమళ్లు కనిపించాయి, పులి కనిపించలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది కర్నూలు పాతబస్తీ దర్జీ 220 రూపాయలకు కుట్టిచ్చిన కాన్వాసు సంచి. అందులో జొన్నలు నింపి జీపు కమ్మీ మీద వేసి, పెద్ద లెన్సును దాని మీద ఆనిస్తే బండి అదురు లెన్సుదాకా రాలేదు. దుమ్ము పడినప్పుడు ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, తర్వాత మెత్తని కుంచెతో దులిపి, చివరికే గుడ్డ వాడాలి. చొక్కా చెంగుతో తుడిస్తే ఇసుక రేణువులు అద్దాన్ని గీరేస్తాయి. నడిచే జీపులో లెన్సు మార్చడం అసలే వద్దు.

గుడారం దొరకకపోతే కర్నూలులోనే పడుకొని, తెల్లవారుజామున నందికొట్కూరు మీదుగా బయలుదేరండి. ఆత్మకూరుకు సుమారు 70 కిలోమీటర్లే.