బంగారం–పల్లేడియం నానో ఉత్ప్రేరకానికి పీవీఏ సోల్ పద్ధతి: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

జంట లోహాల నానో కణాలు చేయడానికి ఇంప్రెగ్నేషన్, పాలియోల్, మైక్రోఎమల్షన్ అంటూ దారులు చాలా ఉన్నాయి. టైటానియా (టైటానియం డయాక్సైడ్ పొడి) మీద బరువులో 1 శాతం బంగారం–పల్లేడియం ఎక్కించాలంటే మాత్రం మేం మళ్లీ మళ్లీ ఎంచుకునేది పీవీఏ సోల్ పద్ధతే. పీవీఏ అంటే పాలీవినైల్ ఆల్కహాల్, కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడే పాలిమర్. సోల్ అంటే నీటిలో తేలే నానో కణాల ద్రవం. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త హచింగ్స్ బృందం బాగా వాడి చూపిన దారి ఇది. ఫర్నేస్ అక్కర్లేదు, కణాలు 3–5 నానోమీటర్ల దగ్గర నిలుస్తాయి. చిక్కల్లా తయారీ అయ్యాకే మొదలవుతుంది. రంగు మారగానే రెండు లోహాలూ ఒకే కణంలో కలిసిన మిశ్రలోహం వచ్చేసిందని నమ్మబుద్ధేస్తుంది. ఆ నమ్మకానికి ఆధారం చూపడం తయారీకంటే ఎన్నో రెట్లు కష్టం.

1 గ్రాము ఉత్ప్రేరకానికి, అణువుల లెక్కన 1:1 నిష్పత్తిలో కావలసినవి: బంగారం 6.5 మి.గ్రా., పల్లేడియం 3.5 మి.గ్రా. అంటే క్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్ 13 మి.గ్రా., పొటాషియం టెట్రాక్లోరోపల్లేడేట్ 10.8 మి.గ్రా. బంగారు లవణం గాలిలోని తేమ పీల్చుకుంటుంది, వానాకాలంలో తూకం నమ్మలేం. అందుకే స్టాక్ ద్రావణం చేసి, ఐసీపీలో (ద్రావణంలో లోహం ఎంతుందో కొలిచే పరికరం) గాఢత తేల్చుకుని వాడాలి. తూచేటప్పుడు స్టీలు గరిటె వద్దు, ప్లాస్టిక్‌దే వాడాలి.

రెండు లవణాలనూ 400 మి.లీ. డీఅయనైజ్డ్ నీటిలో కలిపి, 1 శాతం పీవీఏ ద్రావణం 0.65 మి.లీ. వేయాలి. 80 శాతం హైడ్రోలైజ్ అయిన, అణుభారం 10,000 లోపున్న పీవీఏ అయితే తేలిగ్గా కరుగుతుంది. ఆపైన అయాన్లను లోహంగా మార్చే (క్షయకరణం చేసే) 0.1 మోలార్ సోడియం బోరోహైడ్రైడ్ 3.3 మి.లీ. ఒకేసారి పోయాలి. చుక్కచుక్కగా పోయడమే ఎక్కువమంది చేసే తప్పు. బంగారం అయాన్లు పల్లేడియం అయాన్లకంటే సులువుగా క్షయకరణం చెందుతాయి. నెమ్మదిగా పోస్తే ముందు బంగారు గింజ ఏర్పడి, దాని మీద పల్లేడియం పొరలా పేరుకుంటుంది. బోరోహైడ్రైడ్‌ను ఐసు నీటిలో అప్పటికప్పుడు కలుపుకోవాలి (10 మి.లీ.కి 38 మి.గ్రా.). ఎండాకాలంలో, ఏసీ లేని ల్యాబ్‌లో అది చూస్తుండగానే బుడగలై పోతుంది.

లేత పసుపు ద్రావణం క్షణాల్లో ముదురు గోధుమ రంగుకు తిరగాలి. ఎరుపు ఛాయ కనిపిస్తే బంగారం విడిగా కూడిందని అనుమానించాలి. 30 నిమిషాలు తిప్పాక 990 మి.గ్రా. టైటానియా వేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 1–2కి దించాలి. ఇది ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, మిగిలిన బోరోహైడ్రైడ్ నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఆ పీహెచ్‌లో టైటానియా ఉపరితలం ధనావేశంతో ఉండి కణాలను పట్టుకుంటుంది. సిలికా మీద ఇదే కిటుకు సరిగా పనిచేయదు, దాని సమవిద్యుత్ బిందువే (ఉపరితలం మీద ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 2 దగ్గర ఉంది. గంటసేపు తిప్పి వడకడితే దిగిన నీరు నిర్మలంగా ఉండాలి. గోధుమ రంగుంటే లోహం కారిపోయినట్టే. సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరగనంతవరకూ కడగాలి. క్లోరైడ్ మిగిలితే తర్వాత వేడిచేసినప్పుడు బంగారు కణాలు కలిసిపోయి పెద్దవవుతాయి. రాత్రంతా 110 డిగ్రీల సెల్సియస్‌లో ఆరబెడితే చాలు.

ఇక నిర్మాణం సంగతి. టైటానియా వేయకముందే కొంచెం సోల్ తీసి, అది ఏ కాంతిని పీల్చుకుంటుందో చెప్పే యూవీ–విజిబుల్ వర్ణపటం చూడాలి. 520 నానోమీటర్ల దగ్గర బంగారపు ప్లాస్మాన్ శిఖరం (విడి బంగారు నానో కణాలకు ఎరుపు రంగునిచ్చే శోషణ) ఉండకూడదు. అలాగని అది లేకపోతే మిశ్రలోహమేనని కాదు, పల్లేడియం పొర కప్పినా అది అణగిపోతుంది.

స్ఫటికంలో అణువుల మధ్య దూరాలు చూపే ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే వివర్తనం) మీదే ఎక్కువ ఆశలు పెట్టుకుంటారు. రాగి కిరణంతో బంగారం (111) శిఖరం 38.2 డిగ్రీలకు, పల్లేడియంది 40.1 డిగ్రీలకు వస్తుంది. మిశ్రలోహంలో అణువుల మధ్య దూరం పాళ్లను బట్టి రెండు లోహాల మధ్యన ఉంటుందనే వెగార్డ్ నియమం ప్రకారం 1:1 మిశ్రలోహానిది 39.1. కానీ 4 నానోమీటర్ల కణానికి షెరర్ లెక్కన (కణం చిన్నదయ్యేకొద్దీ శిఖరం వెడల్పవుతుందనే సూత్రం) శిఖరం వెడల్పే దాదాపు 2.1 డిగ్రీలు! రెండు విడి లోహాల శిఖరాలు కలిసిపోయినా మధ్యలో ఒక్క బొడిపెలాగే కనబడుతుంది. పైగా పీ25 అనే రకం టైటానియాలో రూటైల్ (టైటానియా స్ఫటిక రూపాల్లో ఒకటి) శిఖరం 39.2 దగ్గరే ఉంది. 1 శాతం లోహంతో ఈ గ్రాఫు చూపి మిశ్రలోహమని రాయడం సరికాదు.

ఉపరితలంలో ఏ మూలకం ఎంతుందో చెప్పే ఎక్స్‌పీఎస్‌లోనూ (ఎక్స్‌రే ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం) ఉచ్చు ఉంది. పల్లేడియం 3డీ5/2 (335 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర) మీద బంగారం 4డీ5/2 వచ్చి కూర్చుంటుంది. 353 దగ్గరున్న 4డీ3/2 వైశాల్యాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, ఆ మేరకు తీసేయాలి. లేకపోతే ఉపరితలంలో పల్లేడియం ఎక్కువున్నట్టు చూపిస్తుంది.

మేం నమ్మేది స్టెమ్–ఈడీఎస్‌ను (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఒక్కో కణాన్ని చూస్తూ దానిలోని మూలకాలు కొలిచే పద్ధతి). ఒక్కో కణంలో రెండు లోహాలూ ఉన్నాయా అని చూడాలి, చిన్న కణాలనూ పెద్ద కణాలనూ వేరువేరుగా కొలవాలి. అందంగా వచ్చిన ఒక్క కణం బొమ్మ సాక్ష్యం కాదు. పొరుగున ఏ అణువుందో తెలియాలంటే ఎక్సాఫ్స్ అనే ఎక్స్‌రే శోషణ కొలత ఉండాలి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (శక్తిమంతమైన ఎక్స్‌రేలు ఇచ్చే కేంద్రం) ఆ వసతి ఉంది.

పీవీఏ చురుకైన స్థానాలను కప్పేస్తుంది, ఈ పద్ధతికి అది నిజమైన లోపం. కాల్చి వదిలించుకుంటే కణాలు పెరుగుతాయి, గాలిలో పల్లేడియం ఆక్సైడై పైకి తేలుతుంది. 90 డిగ్రీల నీటిలో గంటసేపు రిఫ్లక్స్ (ఆవిరి చల్లారి తిరిగి పడేలా వేడి) చేస్తే చాలావరకు పోతుందని కార్డిఫ్ బృందం 2011లో బంగారు కణాల మీద చూపింది. మేం చేసేదీ అదే. ఆ తర్వాత స్టెమ్ మళ్లీ తీయాలి, ముందు తీసిన బొమ్మలు ఇక ఆ ఉత్ప్రేరకానివి కావు.