పొలంలో రేకుల షెడ్డు మేమే వేసుకున్నాం: రేకుకి మంచి మార్కులు, స్క్రూలకి సున్నా

ముందే చెప్పేస్తా, రేకు బాగుంది, పైపులు బాగున్నాయి, కొలత ప్రకారం కోసిచ్చే సర్వీసు ఇంకా బాగుంది, స్క్రూలు మాత్రం దరిద్రం. షెడ్డు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఏ కంపెనీ రేకు, ఏ కలరు, అడుగు ఎంత పడింది అని అడుగుతారు గానీ ఆ రేకుని పట్టుకుని ఉండే స్క్రూ గురించి ఒక్కరూ అడగరు. అందుకే ఇక్కడ రేకు గురించి ఎంత రాస్తానో స్క్రూ గురించి కూడా అంతే రాస్తా, విసుక్కోకండి.

మాది జనగామ వైపు, ఎర్ర చెలక. వడ్ల బస్తాలు, కందులు, యూరియా, డ్రిప్పు పైపులు, స్ప్రేయరు, టార్పాలిన్ పట్టాలు అన్నీ ఇంటి వరండాలోనే పడుండేవి, మా అత్తమ్మకి కాళ్ళు పెట్టే జాగా లేదు, రోజూ గొణుగుడే. షెడ్డు వేసేవాళ్ళని అడిగితే వాళ్ళు చెప్పిన లేబర్ రేటుకి మా ఆయనకి మండింది, మనమే వేద్దాం పా అన్నాడు. అనడం తేలికే, ఎందుకంటే వెల్డింగ్ నేను చేస్తానని ఆయనకి తెలుసు. మా నాన్నది వెల్డింగ్ షాపు, పెళ్ళికి ముందు గేట్లు గ్రిల్స్ బోలెడు చేసినదాన్ని. కొలతలు, మట్టాలు, లెక్కలు ఆయనవి, నిప్పు పని నాది, ఇలా పంచుకున్నాం.

సైజు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, ఒకటే వాలు, ముందు 12 అడుగుల ఎత్తు వెనక 10. రెండు వైపులా వాలు పెడితే అందంగానే ఉంటుంది గానీ మధ్యలో రిడ్జి, అంటే రెండు వాలులు కలిసే మిట్ట వస్తుంది, రిడ్జి అంటే ఇంకో జాయింటు, జాయింటు అంటే ఎప్పటికైనా లీకు. ఒకటే వాలుకి 22 అడుగుల రేకు సింగిల్ పీస్ సరిపోయింది, ముందు ఒక అడుగు వెనక ఒక అడుగు బయటికి. పక్కకి చూస్తే ఒక్కో రేకు ఎక్కింపు, అంటే పక్క రేకు మీదకి ఎక్కే భాగం పోను మీటరు దాకా కవర్ చేస్తుంది, కాబట్టి కప్పుకి మొత్తం 10 రేకులు.

ఇప్పుడు రేకు సంగతి. మేం తీసుకుంది టాటా బ్లూస్కోప్ వాళ్ళ డ్యూరాషైన్, 0.50 మిల్లీమీటర్ల మందం. జేఎస్‌డబ్ల్యూ కలరాన్ ప్లస్ కూడా చూశాం, అదీ మంచిదే, మాకు కావల్సిన తెల్ల రంగు ఆ టైంలో దొరకలేదు అంతే. కొనే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది, షాపులో 0.50 అంటే అది పూతలూ పెయింటూ అన్నీ కలిపిన మందం, లోపల అసలు ఉక్కు 0.43 దగ్గరే ఉంటుంది. అది మోసం కాదు, లెక్క అలాగే ఉంటుంది. మోసం ఎక్కడంటే 0.50 అని చెప్పి 0.45 అంటగట్టడం, కంటికి తేడా తెలీదు. మా ఆయన మైక్రోమీటర్ జేబులో వేసుకుని వెళ్ళాడు, అది బయటికి తీయగానే ఒక షాపులో మాట తీరే మారిపోయింది, "అన్నా ఇది వేరే లాటు, లోపల ఇంకో లాటు ఉంది" అని. అసలు కంపెనీ రేకు అయితే వెనక వైపు పేరు, మందం అచ్చు వేసి ఉంటాయి, అది చూసుకోండి. బిల్లు మీద ఏజడ్ 150 అని రాయించుకోండి, అంటే చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి 150 గ్రాముల అల్యూమినియం జింకు పూత అన్నమాట. ఆ పూతలో 55 శాతం అల్యూమినియం, మిగతాది దాదాపు అంతా జింకు, కొద్దిగా సిలికాన్. ఉత్త జింకు పూత ఉండే మామూలు జీఐ రేకు కంటే ఇది తుప్పుకి ఎక్కువ కాలం ఆగేది అందుకే. పెయింట్ వేసిన ఈ రకం రేకుకి ఐఎస్ 15965 అని మన స్టాండర్డ్ కూడా ఉంది, ఆ నంబరు అడిగితే షాపు వాళ్ళు కొంచెం జాగ్రత్తగా మాట్లాడతారు.

ఇంకోటి, అడిగేది నేను, షాపువాళ్ళు జవాబు చెప్పేది మా ఆయనకి. పర్లిన్‌కి, అంటే రేకు కింద అడ్డంగా వేసే పైపుకి, 80-40 ఏ గేజ్‌లో ఉంది అని నేనడిగితే "అన్నా, మీకు ఎంత మందం కావాలి" అని ఆయన వైపు తిరుగుతారు. మా ఆయన పాపం ప్రతిసారీ "నాకు తెల్వదు, ఆమెనే అడుగు" అనడం. చివరికి కొన్న షాపులో మాత్రం అక్కా అని నాతోనే మాట్లాడారు, కొనడానికి అది కూడా ఒక కారణమే, దాచుకోను.

కొలత ప్రకారం కోసిచ్చే సర్వీసుకి ఐదుకి ఐదు. హైదరాబాద్ శివార్లలో ఒక రోల్ ఫార్మింగ్ షెడ్డు, పేరు రాస్తే పబ్లిసిటీ అంటారు, వదిలేయండి. కాయిల్ ఎక్కించి, మిషన్‌లోంచి గట్లు పడుతూ వస్తుంటే మనం చెప్పిన పొడుగుకి కట్ చేసి ఇస్తారు. పది రేకులూ పక్కపక్కన పెట్టి టేపు వేస్తే తేడా కనపడలేదు. సైటులో గ్రైండర్‌తో కోసే పని లేకుండా పోయింది, అది చాలా పెద్ద విషయం, ఎందుకంటే గ్రైండర్ వేడికి అంచులో పూత కాలిపోతుంది, పైగా ఎగిరిన నిప్పురవ్వలు రేకు మీద అతుక్కుని వారం తిరక్కుండా ఎర్ర చుక్కలు. ఎక్కడన్నా తప్పక కోయాల్సి వస్తే రేకు కత్తెర వాడండి, చేతులు నొప్పెడతాయి పర్లేదు.

రవాణా దగ్గర మాత్రం ముందే ఆలోచించుకోండి. 22 అడుగుల రేకు టాటా ఏస్‌లో పట్టదు, డీసీఎం మాట్లాడాలి, అందులోనూ వెనక్కి పొడుచుకొస్తుంది. మా ఊరి సందు మలుపులో డీసీఎం తిరగలేక మెయిన్ రోడ్డు మీదే దింపేశాడు, అక్కడి నుంచి ట్రాక్టర్ ట్రాలీ. దింపాక రేకుల్ని నేల మీద పెట్టకూడదు, కట్టెలు వేసి ఒక పక్క ఎత్తుగా పెట్టాలి, మధ్యలో తడి చేరితే తెల్లమచ్చలు నల్లమచ్చలు పడిపోతాయి, కొత్త రేకు కాస్తా పాత రేకు. పైన ప్లాస్టిక్ ఫిల్ము ఉంటే ఎండలో వదలకుండా పీకేయండి, ఎండకి మాడితే ఇక రాదు.

పైపులు నల్లవి తీసుకుని రెడ్ ఆక్సైడ్ కొట్టాం, జీఐ పైపులు కావాలనే వద్దనుకున్నాం. జీఐ వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది, మా నాన్న షాపులో చూశాను, మాస్కు లేకుండా ఆ పనికి పోకండి. మిషన్ 200 ఆంప్స్ ఇన్వర్టర్, భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కేంత తేలిక, 10 గేజ్, 12 గేజ్ రాడ్లు రెండూ హాయిగా కాలాయి. పొలం కరెంటులో ఓల్టేజీ పడిపోయినప్పుడు రాడ్డు అంటుకుపోతుంది, చుట్టుపక్కల మోటార్లు ఆగిన టైం చూసుకుని చేసుకోవాలి. హెల్మెట్ మాత్రం దానంతటదే నల్లబడేది కొనండి, కంటి దగ్గర పొదుపు పనికిరాదు.

పునాది గురించి చాలామందికి ఉన్న ఆలోచన తప్పు. రేకుల షెడ్డు తేలిక కదా, చిన్న గుంత చాలు అంటారు. తేలిక కాబట్టే పెద్ద గుంత కావాలి. ఈ షెడ్డుకి కిందికి దిగబడే భయం లేదు, పైకి లేచిపోయే భయం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన ఎలా కొడుతుందో చెప్పక్కర్లేదు. ఇంజనీర్లు వాడే ఐఎస్ 875 లెక్కల్లో హైదరాబాద్‌కి గాలి వేగం సెకనుకి 44 మీటర్లు, అంటే గంటకి 158 కిలోమీటర్లు, వైజాగ్ విజయవాడలకి 50 మీటర్లు, అంటే 180. ఆ గాలి షెడ్డు కిందకి దూరితే రేకుని గొడుగులా తిప్పేస్తుంది. మేం రెండడుగులు బై రెండడుగులు, రెండున్నర లోతు తవ్వి కాంక్రీటు నింపాం, అది 10 క్యూబిక్ అడుగులు, బరువు ఏడు క్వింటాళ్ళ దగ్గర. మూడు వరసల్లో నాలుగేసి స్తంభాలు, ప్రతి దానికీ అంతే. చెలక నేల పైన మెత్తగా ఉండి కింద మొరం తగులుతుంది, గడ్డపారతో మా ఆయన పడ్డ పాట్లు వేరే కథ. మూలమట్టం చూసేటప్పుడు మూల నుంచి మూలకి టేపు పెట్టండి, 20 బై 30కి రెండు వైపులా 36 అడుగుల పైన అర అంగుళం దాటి రావాలి, రెండూ సమానంగా రాకపోతే గుంత తవ్వకండి, పైన రేకు వంకరగా వచ్చాక ఏడ్చి లాభం లేదు.

రేకులు ఎక్కించడం ఇద్దరం చేశాం, ఒక్కోటి 30 కిలోల దాకా ఉంటుంది, బరువు సమస్య కాదు, ఊగడం సమస్య. పొద్దున్నే గాలి లేనప్పుడు మాత్రమే ముట్టుకోవాలి, పదిన్నర దాటి కొంచెం గాలి మొదలైందంటే దింపేసి టీ తాగడమే. ఎక్కింపు గాలి వచ్చే వైపుకి నోరు తెరిచి ఉండకూడదు, మాకు ముసురు పడమర నుంచి కాబట్టి తూర్పు చివర నుంచి మొదలుపెట్టి పడమరకి వచ్చాం.

ఇక స్క్రూలు. పైకప్పుకే మూడొందల పైచిలుకు పట్టాయి. రేకులు తెచ్చిన టైంలోనే ఊళ్ళో ఒక హార్డ్‌వేర్ షాపులో తీసుకున్నాం, డబ్బా మీద అంతా బాగానే రాసి ఉంది, 12 నంబరు, 55 ఎంఎం, రబ్బరు వాషరు. ఒక్క వానాకాలం గడిచేసరికి తలలు ఎర్రబడ్డాయి, ఎండాకాలానికి రబ్బరు వాషర్లు పగిలి పొడి రాలింది. అది ఎండకీ వానకీ ఆగే అసలు ఈపీడీఎం రబ్బరు కాదు, పాత ట్యూబు రబ్బరు లాంటిది. తెల్ల రేకు మీద ప్రతి స్క్రూ కింద నుంచి ఎర్ర చార, చూస్తే కడుపు మండిపోతుంది. షాపతన్ని అడిగితే "మేం చేస్తామా మేడమ్, కంపెనీ నుంచి వచ్చిందే ఇస్తాం" అని చేతులు దులుపుకున్నాడు. ఏ కంపెనీ అంటే డబ్బా మీద పేరే లేదు. చివరికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళి మంచి కోటింగ్ ఉన్నవి, లాగితే సాగే ఈపీడీఎం వాషర్లవి తెచ్చి, అదే రంధ్రాల్లో 12 తీసేసి కాస్త లావుగా ఉండే 14 నంబరువి దించాం. వాషర్‌ని గోటితో గిల్లి, మడిచి చూసి కొనండి, మడిస్తే చీలిక కనపడితే డబ్బా అక్కడే వదిలేసి వచ్చేయండి. మొత్తం షెడ్డు ఖర్చులో స్క్రూల డబ్బు లెక్కలోకి రానంత తక్కువ, అక్కడ మిగుల్చుకునేది ఏమీ లేదు.

బిగించేటప్పుడు కూడా, క్లచ్ ఉన్న స్క్రూ మిషన్ వాడాలి. వాషరు అంచు కొద్దిగా ఉబ్బి కనపడితే ఆపేయాలి, ఇంకా బిగిస్తే గట్టు నొక్కుకుపోయి నీళ్ళు అక్కడే నిలుస్తాయి. మేం గట్టు మీదే వేశాం, పల్లంలో వేయలేదు, పల్లంలోనే కదా నీళ్ళు పారేది. షెడ్డు మధ్యలో ఒక గట్టు వదిలి ఒకటి వేసినా నడుస్తుంది గానీ చివరి పర్లిన్ల మీద, అంచు రేకుల్లో ప్రతి గట్టుకీ స్క్రూ పడాల్సిందే, గాలి ముందు పట్టుకునేది అంచునే. పని అయ్యాక డ్రిల్ రజను చీపురుతో ఊడ్చేయండి, ఉంచితే అదీ తుప్పు మచ్చలే.

వాడకంలో ఎలా ఉంది అంటే, వాన విషయంలో చుక్క కారలేదు, స్క్రూలు మార్చాక సంగతి ఇది. వడగళ్ళకి కొన్ని చిన్న చొట్టలు పడ్డాయి, పూత పోలేదు. కోతులకి నంబర్ వన్. పక్క పొలం వాళ్ళ సిమెంటు రేకులు కోతులు దూకి దూకి పగలగొట్టాయి, మా దాని మీద దూకితే చప్పుడుకి అవే భయపడి పోతాయి. వాన పడుతుంటే మాత్రం లోపల ఫోన్ మాట్లాడలేం. ఎండాకాలం మధ్యాహ్నం లోపల నిలబడలేం, తెల్ల రంగు కాబట్టి కొంచెం నయం, పక్క గోడల పైన అడుగు ఖాళీ వదిలి జాలీ కొట్టాం, గాలి ఆడుతుంది. ఆ ఖాళీ వల్ల ఇంకో లాభం ఉంది, డిసెంబరు పొద్దుల్లో రేకు లోపలి వైపు మంచు నీరు పట్టి బస్తాల మీద చుక్కలు పడతాయి, గాలి ఆడితే అది చాలా తగ్గుతుంది. వడ్లు పెట్టేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి.

మా అత్తమ్మ సిమెంటు రేకు చల్లగా ఉంటుంది కదా అని ఇప్పటికీ అంటుంది. చల్లగా ఉండే మాట నిజమే, చప్పుడు కూడా తక్కువే, ఖర్చూ తక్కువే. కానీ చాలా సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, పగిలినప్పుడూ కోసేటప్పుడూ వచ్చే దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకే. తిండిగింజలు పెట్టే చోట, అందులోనూ నేనే కోసి నేనే బిగించే చోట నాకు వద్దు.

బర్రెల కొట్టానికి ఇదే రేకు వేద్దామనుకునేవాళ్ళు మాత్రం ఆగండి. పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఈ పూతని తినేస్తుంది, వారంటీ వర్తిస్తుందా లేదా కాయితం మీద రాయించుకున్నాకే కొనండి. పచ్చి సిమెంటు కూడా దీనికి పడదు, గోడకి రేకు ఆనించి మాలు పూసేస్తుంటారు మేస్త్రీలు, అలా చేయనివ్వకండి. మేం యూరియా బస్తాలు కూడా రేకుకి ఆనించకుండా చెక్కల మీద, గోడకి అడుగు దూరంలో పెడుతున్నాం.

మిగిలిపోయింది గట్టర్ ఒక్కటే, కప్పు అంచున వాన నీళ్ళు పట్టే కాలువ. ఈ కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 650 లీటర్లు వస్తాయి, అదంతా ఇప్పుడు వెనక పల్లంలోకి పోతోంది. రెడీమేడ్ గట్టర్‌కి చెప్పిన రేటు విని దండం పెట్టి వచ్చేశాం, ఆరంగుళాల పీవీసీ పైపుని నిలువునా చీల్చి వేద్దామని నేను, అది ఎండకి వంగిపోతుంది, రేకు మడిపించి వేద్దామని మా ఆయన. తొలకరి లోపు తేలాలి.